ఇంట్లోనే తీగలేని స్పీకరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



పెన్షను రివిజను గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు పొద్దుటినుంచీ మాట్లాడారు. నాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు, అదీ భోజనాలకు ముందు. "ఉపన్యాసం వద్దు, ఇంటికి వెళ్ళాక పనికొచ్చేదేదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు ముందే హెచ్చరించారు. అందుకే చేతులూపుకుంటూ రాకుండా ఈ చెక్కపెట్టె పట్టుకొచ్చాను. ఇది తీగలేని స్పీకరు, అంటే మీ మనవలు బ్లూటూత్ స్పీకరు అనేది. దుకాణంలో కొన్నది కాదు, ఇంట్లో చేసింది. సామానంతా కలిపి నాకు ఏడువందల రూపాయల లోపే అయింది. దుకాణాల్లో ఇంతకంటే నాజూకైనవి దొరుకుతుంటే ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. చెబుతాను.

మా పెద్దక్కయ్యకు ఎనభైనాలుగేళ్ళు. రెండేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. పొద్దున్నే ఆకాశవాణి భక్తిరంజని, మధ్యాహ్నం ఒక సీరియలు, సాయంత్రం వార్తలు. ఇదీ ఆవిడ దినచర్య. చెవి మందగించిన కొద్దీ టీవీ శబ్దం పెరిగింది. పదోతరగతి చదివే మనవరాలు తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. కోడలు పైకి ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకుండానే మా అక్కయ్య హాల్లోకి రావడం మానేసి వెనకగదిలో కూర్చోవడం అలవాటు చేసుకుంది. "ఏరా, నాకిప్పుడు ఇవన్నీ ఎందుకు? విన్నన్నాళ్ళు విన్నాను కదా" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. కళ్ళు కనబడకపోతే ఇంట్లో అందరూ చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. చెవి వినబడకపోతే మాత్రం మాట్లాడటం తగ్గించేస్తారు. మన ఇళ్ళలో ఇది ఎన్నిచోట్ల జరుగుతోందో మీకే తెలుసు.

ముందు ఒక ముఖ్యమైన మాట. చెవి తగ్గిందనిపిస్తే మొదట డాక్టరుకు చూపించాలి, వినికిడి పరీక్ష చేయించాలి, అవసరమైతే మిషను పెట్టుకోవాలి. ఒక చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మూతపడితే, గుబిలేమోనని నూనె పోసుకుని కూర్చోకుండా వెంటనే చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అందులో ఆలస్యం చేస్తే పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు. ఈ పెట్టె వైద్యానికి బదులు కాదు. మా అక్కయ్యకు పరీక్ష చేయించిన తర్వాతే దీన్ని చేశాను.

వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ సమానంగా తగ్గించదు. ముందు పోయేవి సన్నటి ధ్వనులు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీవి. ఆ, ఈ, ఓ వంటి అచ్చుల్లో బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, అవి బాగానే వినబడతాయి. స, ష, చ, త, ప వంటి హల్లుల ఆనవాళ్ళు పైన ఉంటాయి. అందుకే "మాట వినబడుతోంది గానీ ఏమంటున్నారో తెలియడం లేదు" అంటాం. తప్పు అంటే పప్పులా, సారు అంటే చారులా వినబడుతుంది. వినేవాడు భోజనప్రియుడైతే మరీ కష్టం.

ఇక్కడ మన పాత చదువు పనికొచ్చింది. టెలిఫోను లైనులో మనం పంపిన మాట 300 నుంచి 3400 సైకిల్స్ వరకే కదా! మన దేశంలో 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు మొదలైన తర్వాత కొన్ని తరాలవాళ్ళు అంత ఇరుకు దారిలోనే కష్టసుఖాలు చెప్పుకున్నారు. అయితే ట్రంకు కాల్‌లో పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు ఒక్కొక్క అక్షరానికీ ఒక ఊరిపేరు చేర్చి అరవాల్సి వచ్చేది, ఎందుకంటే స కారం బలమంతా ఆ 3400 పైనే ఉంటుంది. కాబట్టి మనలాంటి చెవులకు కావలసింది గుండెలదిరే దబదబ మోత కాదు. మాట స్పష్టంగా వచ్చే మామూలు మూడంగుళాల స్పీకరు చాలు. దుకాణాల్లో అమ్మే చిన్న డబ్బాలు చాలావరకు కుర్రవాళ్ళ పాటల కోసం మోత పెంచి చేసినవి. వార్తలు పెడితే చదివేవాడు కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది.

రెండోది దూరం. ఆరుబయట శబ్దానికి దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్సు తగ్గుతుంది. (డెసిబెల్‌లోని బెల్ మన టెలిఫోను బెల్‌గారే. ఆయన తల్లికీ భార్యకూ వినికిడి లేదు. ఆయన చెవిటిపిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు.) టీవీ నాలుగు మీటర్ల దూరంలో ఉందనుకోండి. అదే శబ్దాన్ని చెవికి అరమీటరు దూరంలో పెడితే మూడుసార్లు సగమైనట్టు, అంటే 18 డెసిబెల్సు లాభం. శక్తి లెక్కలో అరవై రెట్లకు పైనే. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల లెక్క ఇంత కచ్చితంగా కుదరదు, అయినా తేడా పెద్దదే. పైగా టీవీ శబ్దం పెంచితే దానితోపాటు గోడల ప్రతిధ్వని కూడా పెరుగుతుంది. దగ్గరగా పెడితే ఫ్యాను హోరు, కుక్కరు కూత, ప్రతిధ్వని అన్నీ వెనక్కి తగ్గి మాట ముందుకొస్తుంది. అరవాల్సిన పని లేదు, దగ్గరికి రావాలి. తీగలేని స్పీకరుతో మనకున్న అసలు ప్రయోజనం ఇదే. కుర్చీ చేతిమీదో, దిండు పక్కనో పెట్టుకోవచ్చు.

ఇక తయారీ. సామాను అయిదే అయిదు. బ్లూటూత్ రిసీవరు బోర్డు, ఆంప్లిఫయరు బోర్డు, స్పీకరు, లిథియం సెల్లు, దాన్ని ఛార్జిచేసే బోర్డు. హైదరాబాదులో ఉన్నవారికి కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. ఇతర ఊళ్ళవారు ఫోనులో ఆర్డరు పెట్టించుకుంటే పోస్టులో వస్తాయి.

బ్లూటూత్ అనేది 1994లో స్వీడన్ టెలిఫోను సంస్థ ఎరిక్‌సన్‌లో మొదలైన పని. పదో శతాబ్దపు డెన్మార్కు రాజు ఒకాయన బిరుదును దానికి పెట్టారు. 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేస్తుంది, లైసెన్సు అక్కరలేదు. పోస్టాఫీసుకు వెళ్ళి రేడియో లైసెన్సు కట్టిన తరం మనది కాబట్టి ఈ సంగతి చెప్పాలనిపించింది. పాటలు పంపే ఈ పద్ధతిలో 79 ఛానళ్ళ మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ పోతుంది. మన స్ట్రౌజరు సెలక్టరు ఖాళీ లైను కోసం టకటకలాడినట్టే, కాకపోతే చప్పుడు లేదు, నూనె పెట్టే పనీ లేదు. పది మీటర్ల వరకు అందుతుంది. మధ్యలో మనిషి నిలబడితే కొంచెం తడబడుతుంది, మన ఒంట్లోని నీరు ఆ తరంగాలను పీల్చుకుంటుంది కనుక. స్టీలు డబ్బాలో మాత్రం బిగించకండి. మన ఇళ్ళలో ఖాళీ స్టీలు డబ్బాలకు కొదవ లేదు గానీ లోపలికి తరంగం చేరదు.

ఆంప్లిఫయరుకు పీఏఎం 8403 అనే చిప్పున్న చిన్న బోర్డు అడగండి, గుండ్రంగా తిప్పే వాల్యూము మర ఉన్న రకం. మీటలు నొక్కి పెంచే రకం మన వేళ్ళకు, మన కళ్ళకు పనికిరాదు. ఇది రెండున్నర నుంచి అయిదున్నర వోల్టుల మధ్య పనిచేస్తుంది, అందుకే ఒక్క లిథియం సెల్లు సరిపోతుంది. బ్లూటూత్ బోర్డు కూడా ఒక్క సెల్లుతో నడిచేది అడిగి తీసుకోవాలి. స్పీకరు 4 ఓములు, 3 వాట్లది.

మన మిత్రులకు ఒక ప్రత్యేక హెచ్చరిక. ఎక్స్ఛేంజిలో కేబుళ్ళు తినిపోకుండా మనం ప్లస్‌ను ఎర్తు చేసి, మైనస్ 50 వోల్టులు వాడాం. ముప్ఫైఏళ్ళు చేసిన చెయ్యి అటే పోతుంది. ఇక్కడ మైనస్సే ఉమ్మడి. సెల్లు తిరగవేస్తే ఛార్జింగు బోర్డు కన్నుమూసి తెరిచేలోగా పోతుంది. ఇంకొకటి, ఈ ఆంప్లిఫయరు నుంచి స్పీకరుకు వెళ్ళే రెండు తీగల్లో ఏదీ ఎర్తు కాదు. దేన్నీ ఉమ్మడి మైనస్‌కు తగిలించకూడదు.

మనం పెట్టేది ఒకటే స్పీకరు. కాని బ్లూటూత్ బోర్డునుంచి కుడి, ఎడమ రెండు ఛానళ్ళు వస్తాయి. ఒకదాన్నే తీసుకుంటే కొన్ని పాటల్లో వాయిద్యాలు సగం మాయమవుతాయి. అందుకని ఒక్కొక్క ఛానలుకు వెయ్యి ఓముల రెసిస్టరు పెట్టి, రెండిటి రెండో చివరలూ కలిపి ఆంప్లిఫయరులో ఒకవైపుకు ఇవ్వాలి. ఒక చెవే బాగా పనిచేసేవారికి ఇది మరీ అవసరం.

అన్నీ కలిపి మీట వేయగానే మాట వెనక "కుయ్‌య్" మని సన్నటి కూత వినబడవచ్చు. బోర్డు చెడిపోయిందని పారేయకండి. రెండు బోర్డులూ ఒకే మైనస్ తీగను పంచుకోవడం వల్ల ఒకదాని రొద రెండోదాంట్లోకి వస్తుంది. మీట తర్వాత ప్లస్‌నూ, అక్కడే మైనస్‌నూ రెండుగా చీల్చి ఒక్కొక్క బోర్డుకు విడివిడిగా తీగలు లాగండి. బ్లూటూత్ బోర్డు దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టండి. అప్పటికీ పోకపోతే మనకు తెలిసిన పాత మందే ఉంది, 600 ఓముల ట్రాన్స్‌ఫార్మరు. రెసిస్టర్లు కలిసిన చోటుకూ ఆంప్లిఫయరుకూ మధ్య దాన్ని పెట్టి, ఆ రెండు బోర్డుల మధ్య శబ్దానికి వేసిన మైనస్ తీగను తీసేస్తే కూత ఆగిపోతుంది. ఇంజనీరింగు చదివిన మా పక్కింటి అబ్బాయికి ఈ ఉపాయం తెలియదు. నాకు కొంచెం గర్వమనిపించిన మాట నిజం.

ఇప్పుడు సెల్లు గురించి. దయచేసి ఇక్కడ మాత్రం అందరూ వినండి. కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు.

మనం బ్యాటరీ రూములో హైడ్రోమీటరు ముంచి, డిస్టిల్డు వాటరు పోసి పెంచిన లెడ్ యాసిడ్ సెల్లు ఓర్పుగలది. లిథియం సెల్లుకు ఆ ఓర్పు లేదు. 4.2 వోల్టులు దాటి ఛార్జి చేసినా, ప్లస్ మైనస్ తగిలినా, నొక్కుకుపోయినా లోపల వేడి పుట్టి దానంతటది మండుతుంది. ఒకసారి అంటుకుంటే ఆర్పడం కష్టం. అలాంటిదాన్ని నడవలేని పెద్దవాళ్ళ పక్కన పెడుతున్నాం. కాబట్టి ఇందులో పొదుపు పనికిరాదు.

18650 అని పిలిచే సెల్లు తీసుకోండి, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. కొత్తదే కొనాలి. పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకినవి చవగ్గా ఇస్తారు, వద్దు. పైన 9900 అని అచ్చువేసిన సెల్లు ఒక దుకాణంలో నాకూ చూపించారు. ఆ కొలతలో 2000 నుంచి 3500 వరకు ఉంటే నమ్మవచ్చు, 9900 అన్నది పచ్చి అబద్ధం. జేబులో చిన్న తూకం మిషను తీసుకెళ్ళాను. అసలు సెల్లు 45 గ్రాముల దగ్గర తూగుతుంది. అది ముప్ఫై కూడా తూగలేదు. దుకాణదారు నావైపు చూసిన చూపు మీరూ చూసుంటే బాగుండేది.

సెల్లుకు నేరుగా సోల్డరింగు ఐరన్ పెట్టకూడదు. సెల్లు కూర్చునే హోల్డరు కొని దాని తీగలకు అతకాలి. ఛార్జింగుకు టీపీ 4056 బోర్డు, అదీ రక్షణ సర్క్యూటు ఉన్న రకం. గుర్తుపట్టడం సులువు. సెల్లుకు రెండు గుర్తులు, బయటికి ఇచ్చే అవుట్ అన్న రెండు గుర్తులు విడిగా ఉంటాయి. అవుట్ గుర్తు లేనిది కొనకండి. మామూలు ఫోను ఛార్జరుతో గంటలు మూడు పడుతుంది. ఆ అవుట్ నుంచి వచ్చే ప్లస్‌కు ఒక మీట పెట్టి, ఆ తర్వాతే రెండు బోర్డులకూ పంచాలి. ఛార్జి అవుతున్నప్పుడు మీట ఆపేయాలి. పాట నడుస్తుంటే సెల్లు నిండిందో లేదో ఆ బోర్డుకు తెలియదు.

మా ఇంట్లో పెట్టిన నియమాలు ఇవి. రాత్రి పడుకున్నాక ఛార్జింగు లేదు. పరుపు మీద, దిండు కింద అసలే లేదు. బండమీదో గచ్చుమీదో పెట్టి, మెలకువగా ఉన్న మనిషి ఇంట్లో ఉన్నప్పుడే. ఎండాకాలం కిటికీలో వదలకూడదు. సెల్లు ఉబ్బినా, అతిగా వేడెక్కినా, వింత వాసన వచ్చినా వెంటనే వాడకం మానెయ్యాలి. ఒకసారి ఛార్జి చేస్తే మాట వినే శబ్దంలో పది గంటల పైన నడుస్తోంది కాబట్టి రోజూ పెట్టే పనే లేదు.

ఇక పెట్టె. సర్క్యూటు అంతా సరిగా చేసి పెట్టెను నిర్లక్ష్యం చేసేవారు చాలామంది. ఇప్పుడు చిన్న ప్రయోగం చూడండి. ఈ స్పీకరును ఉత్తగా చేత్తో పట్టుకుని వార్తలు పెడుతున్నాను. గొంతు పీలగా ఉంది కదా. ఇప్పుడు మధ్యలో రంధ్రం కోసిన ఈ అట్టముక్కకు ఆనిస్తాను. (ఇక్కడ అట్టముక్కతో చేసి చూపించాను.) ఒక్క పైసా ఖర్చు లేకుండా గొంతు నిండుగా మారింది. స్పీకరు ముందుకు తోసిన గాలి, వెనక్కి లాగిన గాలి అంచుచుట్టూ కలిసిపోయి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మధ్యన అడ్డు ఉంటే ఆగుతాయి. పెట్టె చేసేది ఇదే.

నేను వాడింది పాత బల్ల సొరుగు ముక్క. తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డయినా సరే. ఆరంగుళాల పొడవు, నాలుగు వెడల్పు, నాలుగు లోతు. మూలలకు ఫెవికాల్, సందులకు ఎంసీల్. సన్నటి సందున్నా అక్కడ గాలి బుసకొడుతుంది. లోపల పిడికెడు దూది వేస్తే మోగుడు తగ్గుతుంది. సెల్లు మాత్రం ఆ దూదిలో వద్దు, వెనకవైపు వేరే అరలో, మూత తీసి చూసుకునేలా ఉండాలి. మీద ఒక తోలు పట్టీ బిగించాను, వణికే చేతికి పట్టు దొరకాలని.

చూపు ఆనని వారు, చేతులు వణికేవారు సోల్డరింగు మనవలకు అప్పగించండి. మా మనవరాలే నాలుగు అతుకులు వేసింది. వాటిలో రెండు నా అతుకులకంటే నున్నగా వచ్చాయి. సోల్డరులో సీసం ఉంటుంది, కాబట్టి కిటికీ తీసి చేయించండి, తర్వాత చేతులు సబ్బుతో కడిగించండి.

టీవీకి కలపాలంటే ఇప్పటి టీవీల్లో చాలావాటికి బ్లూటూత్ ఉంది. లేనివాటికి వెనక తగిలించే చిన్న ట్రాన్స్‌మిటరు దొరుకుతుంది. మాట పెదవి కదలికకంటే సెకనులో పదోవంతో అయిదోవంతో ఆలస్యంగా వస్తుంది. వార్తలకూ పురాణానికీ ఇబ్బంది లేదు, సినిమా చూసేవారికి కాస్త వింతగా ఉంటుంది. మరో సంగతి, కొన్ని టీవీల్లో స్పీకరు కలపగానే టీవీ శబ్దం పూర్తిగా ఆగిపోతుంది. రెండూ పలికే ఏర్పాటు ఉందేమో పిల్లలచేత సెట్టింగుల్లో వెతికించండి. ఆకాశవాణి కేంద్రాల ప్రసారాలు ఫోనులోనే వస్తున్నాయి కనుక భక్తిరంజనికి గరగర కూడా లేదు.

మా అక్కయ్య ఇప్పుడు మళ్ళీ హాల్లోనే కూర్చుంటోంది. పెట్టె కుర్చీ చేతిమీద ఉంటుంది. మొన్న వార్తల్లో చదివినావిడ ఒక ఊరిపేరు తప్పు పలికిందని మాకందరికీ చెప్పింది. మేమెవ్వరం గమనించలేదు. మనవరాలి గది తలుపు తీసే ఉంటోంది, అయితే ఫోనులో స్నేహితురాలితో చెప్పే రహస్యాలు అత్తమ్మకు వినబడుతున్నాయేమోనని దానికి కొత్త అనుమానం పట్టుకుంది.

ఆ ఎడమవైపు బల్లమీద అయిదు సామాన్లూ విడివిడిగా, తీగల బొమ్మ పెద్దక్షరాలతో గీసి పెట్టాను. భోజనాల తర్వాత వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. ఇళ్ళలో ఉబ్బిన ఫోను బ్యాటరీలుంటే చెత్తబుట్టలో వేయకండి, చెత్తబండిలో నలిగితే అంటుకుంటాయి. ఈ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సాంబారు వాసన నాకూ వస్తోంది.